పక్క ప్లాట్‌ఫామ్

నీటి సరఫరా డిపో, రిపేరు షెడ్డు
జూన్ 6

మామయ్యకి,

నీ ఉత్తరం అందింది. మీ స్టేషన్లో గడియారం మార్చారని రాశావు. పాతది నాలుగు నిమిషాలు ముందుండేది, దాని పుణ్యమా అని జనం బళ్లు అందుకునేవాళ్లు. ఇప్పుడు సరైన టైము చూపిస్తోందంటే మీ ఊరివాళ్లకి కష్టమే.

ఇక నా సంగతి. నేను అప్లై చేసిన విదేశీ యూనివర్సిటీ నుంచి జవాబు వచ్చింది. భూమిలో నీటి పైపులు ఎక్కడ కారుతున్నాయో చప్పుడుని బట్టి పట్టుకోవడం మీద రెండేళ్ల చదువు. మూడొందల ముప్పై మందిలో పన్నెండు మందిని ఇంటర్వ్యూకి పిలిచారు, అందులో నేనున్నాను. సీట్లు ఆరు. ఇంటర్వ్యూ ఆగస్టు ఇరవైన, కంప్యూటర్లోనే. ముందుగా పేరు చెప్పి, నేనెవరో మూడు నిమిషాలు మాట్లాడాలి. ఆ తర్వాత ప్రశ్నలు.

దానికంటే ముందు ఆగస్టు అయిదు లోపల ఒక ఫారం పంపాలి. ఒక పేజీ నిండా గడులు. ‘మీకు వర్తించేవన్నీ గుర్తు పెట్టండి’ అని ఉంది. స్త్రీ. కూలి పని చేసే కుటుంబం. ఇంట్లో కాలేజీ చదివిన మొదటి మనిషి. చూపుకి గానీ వినికిడికి గానీ మాటకి గానీ సంబంధించిన వైకల్యం. ఈ చివరి గడి నింపితే ఇంటర్వ్యూలో రెట్టింపు టైమిస్తారు.

ఫారాలు నింపిపెట్టే ఏజెంటు దగ్గరికి వెళ్లాను. నా ముఖం కన్నా ముందు ఆ పేజీ చూశాడు, నాకు వర్తించే గడులు వేలితో చూపించాను. “నాలుగూ ఉన్నాయా? అదృష్టవంతురాలివమ్మా” అన్నాడు. నేను ‘నా-నా-నాకు’ అంటుండగానే, “ఇంటర్వ్యూలో ఇలాగే మాట్లాడు, ఇంకేం చెప్పక్కర్లేదు” అన్నాడు. నవ్వాలో తన్నాలో తెలియక వచ్చేశాను.

అమ్మ ఆ గడి ముట్టుకోవద్దంటోంది. “ఒకసారి కాగితమ్మీద పెట్టావా, అది నీకంటే ముందు నడుస్తుంది” అంది. అమ్మ ఇంటికొచ్చినవాళ్లకి నేను సిగ్గరినని చెబుతుంది, తెలుసుగా. ఇరవై ఆరేళ్లుగా సిగ్గు లేకుండా సిగ్గుపడుతున్నాను. వీధిలో నేను నత్తి పిల్లని. డిపోలో కర్రమ్మాయిని. వినే కర్ర పైకొస చెవికి ఆనించుకుని, కింది ఇనుప కొసని రోడ్డు మీద పెట్టి అడుగడుగునా వింటూ పోతానుగా, అందుకు. ఆ పేరు నాకిష్టం, పని చేసి తెచ్చుకున్నది. మా ఇంజనీరు మాత్రం “మాట సరిగ్గా రాదు కాబట్టి దేవుడు చెవి ఇచ్చాడు” అంటాడు. దేవుడివ్వలేదు. మా మేస్త్రీ రెండేళ్లపాటు పొద్దున్నే, బళ్లు తిరగకముందు, నన్ను వెంటబెట్టుకుని వీధి వీధీ తిప్పి నేర్పాడు.

మామయ్యా, నాకు నీలా మాట్లాడటం నేర్పు. ఎనిమిదేళ్లప్పుడు సెలవులకి మీ ఊరొచ్చి, బండి దిగుతూనే నీ గొంతు విన్నాను. స్టేషనంతా నీదే అనుకున్నాను. “గొంతంతా నా తమ్ముడికే పోసి నా కూతురి దగ్గరకొచ్చేసరికి అయిపోయిందన్నాడు దేవుడు” అని అమ్మ ఎన్నిసార్లు అనుంటుందో. ఆ ఏడాదే ఫోన్లో నా మాట తెగిపోతోందని నువ్వు ఉత్తరాలు మొదలుపెట్టావు. పద్దెనిమిదేళ్లు. నాకోసం ఒక మనిషి ఫోను మానేసి కలం పట్టాడని అందరికీ గొప్పగా చెప్పుకుంటాను.

రెండు నెలల్లో ఎంత నేర్పగలిగితే అంత.

నీ మేనకోడలు


స్టేషన్, అనౌన్స్‌మెంట్ గది
జూన్ 14

అమ్ములూ,

మూడుసార్లు చదివాను. మూడోసారి పన్నెండు అన్న అంకె దగ్గరే ఆగిపోయాను. పగలు డిపోలో పని, సాయంత్రం కాలేజీ, అయిదేళ్లు. ఆ అయిదేళ్లలో నువ్వు రాసిన ఒక్క ఉత్తరంలోనూ అలిసిపోయానన్న మాట లేదు. బీరువాలో అన్నీ ఉన్నాయి, కావాలంటే చూసుకో.

మాట సంగతి. మొదటిది, పేరుతో మొదలుపెట్టకు. అందరికంటే బిగుసుకునేది సొంత పేరే. ‘ఇంట్లో నన్ను అమ్ములు అంటారు’ అని నవ్వుతూ అను. ముద్దుగా ఉందనుకుంటారు. బిగుసుకునే మాట మూడు మాటల ముందే తెలిసిపోతుంది. అప్పుడే దారి మార్చెయ్యి. దాని బదులు వాడే మాట ఒకటి చేతిలో సిద్ధంగా ఉండాలి, వెతుక్కోకూడదు. వాక్యానికి ముందు ‘అసలు’ అనో ‘అంటే’ అనో ఒక మెట్టు వేసుకుని ఊపిరి వదులుతూ ఎక్కు. బల్ల కింద బొటనవేలు నొక్కి పట్టుకుంటే కొంత నయం. మరీ ఇరుక్కుంటే దగ్గు. ఒక దగ్గుకి రెండు సెకన్లు దొరుకుతాయి. కానీ పది నిమిషాల్లో రెండుసార్లకి మించి దగ్గావంటే నీళ్లు తెచ్చిస్తారు, అప్పుడు ఇంకా ఇబ్బంది. జవాబు తెలిసి కూడా నోరు రాకపోతే, ప్రశ్న అర్థం కానట్టు మళ్లీ అడిగించుకో.

రోజూ అద్దం ముందు అరగంట. ఫోన్లో రికార్డు చేసుకుని చూసుకో.

గడి సంగతి మీ అమ్మ చెప్పినట్టు చెయ్యి.

మామయ్య


డిపో, రిపేరు షెడ్డు
జూలై 1

మామయ్యకి,

నీ చిట్కాలు పనిచేశాయి. ముందు మన భాషలో, తర్వాత వాళ్ల భాషలో సాధన చేశాను. పదో రోజుకి రెండు నిమిషాల యాభై సెకన్లు ఎక్కడా తెగకుండా మాట్లాడి రికార్డు చేశాను. అమ్మ మూడుసార్లు చూసి, కొంగుతో ఫోను తుడిచి ఇచ్చింది. తడిసింది మరి.

డిపోకి తీసుకెళ్లి మేస్త్రీకి చూపించాను. చివరిదాకా చూశాడు.

“ఎవరీ అమ్మాయి?” అన్నాడు.

“నే-నేనే.”

“నువ్వైతే పైపు అని ఒక్కసారీ అనలేదేం?”

మళ్లీ చూసి లెక్కపెట్టాను. నిజమే. గొట్టం అన్నాను, లైను అన్నాను, ఒకచోట ‘భూమిలో నీళ్లు వెళ్లే దారి’ అన్నాను. పైపు మాత్రం లేదు. నాకు ‘ప’ దగ్గర బిగుసుకుంటుంది, రెండు భాషల్లోనూ పైపు పైపే. మామయ్యా, పైపుల చదువుకి వెళుతూ పైపు అనకుండా మూడు నిమిషాలు మాట్లాడాను. నా పేరు కూడా చెప్పలేదు. అందులో ఉన్నది ఎవరో అమ్ములట. చక్కగా మాట్లాడుతుంది, పని మాత్రం తెలిసినట్టు లేదు.

ఇంకో విషయం. రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆగాను. మేస్త్రీ నాకు నేర్పిన మొదటి పాఠం, ఎక్కువ చప్పుడున్నచోట కాదు, ఉండకూడని చోట చప్పుడుందా అని వినమని. నీ ఉత్తరం అలాగే విన్నాను. బిగుసుకునే మాట మూడు మాటల ముందే తెలుస్తుందని రాశావు. తెలుస్తుంది. కానీ నేనది ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. దగ్గుకి రెండు సెకన్లని నేను కూడా కొలవలేదు. మాట సాఫీగా వచ్చేవాళ్లకి ఇన్ని పక్కదారులతో పనేంటి?

నీకు చెప్పాలనిపిస్తేనే చెప్పు.

నీ మేనకోడలు


స్టేషన్
జూలై 9

అమ్ములూ,

డ్యూటీలు మారాయి, తీరిక లేదు. అవి ఎవరో చెప్పగా విన్న చిట్కాలు. సాధన మానకు. వానలకి బళ్లన్నీ ఆలస్యంగా నడుస్తున్నాయి.

మామయ్య


డిపో
జూలై 14

మామయ్యకి,

తీరిక లేకపోతే ఫర్వాలేదు.

చిన్నప్పుడు నీ మాట ఎలా ఉండేదని అమ్మని అడిగాను. బట్టలు ఆరేస్తున్నదల్లా ఆగిపోయింది. “వాణ్ణే అడుగు” అంది. దీపాలు పెట్టేవేళ తనంతట తనే, “దుకాణానికి ఎప్పుడూ ఇద్దరం వెళ్లేవాళ్లం. వాడు వేలు చూపించేవాడు, నేను అడిగేదాన్ని” అంది.

ఎవరైనా నన్ను పేరడిగితే నాకంటే ముందు అమ్మే ఎందుకు చెప్పేస్తుందో ఇప్పుడు కొంచెం అర్థమైంది. ఆ పని తనకి నేను పుట్టకముందు నుంచే అలవాటన్నమాట.

ఫారంలో మిగతావన్నీ నింపాను. ఆ గడి ఒక్కటే ఖాళీ.

నీ మేనకోడలు


స్టేషన్, అనౌన్స్‌మెంట్ గది
జూలై 25

అమ్ములూ,

పోయిన ఉత్తరంలో అబద్ధం రాశాను. ఆ చిట్కాలు ఎవరూ చెప్పలేదు. నావే.

నాకు నత్తి. నీకంటే తక్కువేం కాదు. నీది బయటికి వినిపిస్తుంది, నేను దాన్ని బయటికి రానివ్వను, అంతే తేడా. మీ అమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికీ చెప్పనని నేను పదేళ్లవాడిగా ఉన్నప్పుడు ఒట్టు వేయించుకున్నాను. నీ విషయంలో కూడా మా అక్క ఆ ఒట్టు తప్పలేదు. తనమీద కోపం పెట్టుకోకు.

మరి మైకు ముందు ఎలా అంటావేమో. అనౌన్స్‌మెంటు మాట్లాడటం కాదు. రోజంతా ఒకే వాక్యం, ఒకే వరుస. పాట లాంటిది. పాడేటప్పుడు మనకి తెగదు, నీకూ తెలుసు. ఉద్యోగ ప్రకటన చూసినప్పుడు నాకోసమే ఎవరో ఈ ఉద్యోగం తయారుచేశారనిపించింది. బళ్ల నంబర్లూ ఊళ్ల పేర్లూ మారతాయి, వాటిని నెలముందే బట్టీపట్టేస్తాను. ఇరవై రెండేళ్లుగా ఆ వాక్యంలోనే కాపురముంటున్నాను.

ఆ వాక్యం బయట నా సంగతి వేరు. నాకు ‘క’ దగ్గర, ‘మ’ దగ్గర ఆగిపోతుంది. నాకు కాఫీ అంటే ప్రాణం. ఇక్కడి క్యాంటీన్లో ఇరవై రెండేళ్లుగా టీ తాగుతున్నాను, టీ అనగలను కాబట్టి. అతను నన్ను టీ సారు అంటాడు. నిన్ను అమ్ములు అంటానా, నీ అసలు పేరు నేను అనలేను. స్టేషన్ మాస్టరు ప్రమోషన్ రెండుసార్లు వద్దన్నాను, రోజంతా ఫోన్లో మాట్లాడాలని. ‘మామయ్యకి పదవుల మీద ఆశ లేదు’ అని ఒకసారి రాశావు. అది కాదని తిరిగి రాయలేదు. నీకోసం ఫోను మానేశానని చెప్పుకుంటున్నావు. సగం నీకోసం. మిగతా సగం నాకోసం.

నీ ఫారంలో ‘ఇంట్లో కాలేజీ చదివిన మొదటి మనిషి’ అన్న గడి ఉందన్నావు. అది నాది కావాల్సింది. మూడు నెలలు వెళ్లాను. హాజరు పిలిచినప్పుడు పలకలేక, గైర్హాజరు పడీ పడీ పేరు కొట్టేశారు. రోజూ మొదటి బెంచీలో కూర్చున్నవాడినే. చదువు మీద శ్రద్ధ లేదన్నారు. ఊరుకున్నాను.

అసలు చెప్పాల్సింది ఇది. పంతొమ్మిదేళ్ల కిందట ఒక సాయంత్రం, పెద్ద వాన. నాలుగో ప్లాట్‌ఫామ్ మీదికి రావాల్సిన బండిని ఆఖరి నిమిషంలో మూడుకి మార్చారు. చీటీ చేతికిచ్చి వెంటనే చెప్పమన్నారు. అది నా వాక్యంలో లేని వాక్యం. మైకు ఆన్ చేశాను. ‘మూడు’ రాలేదు. నోరు బిగుసుకుంది. స్టేషనంతా స్పీకర్లలో నా ఊపిరి వింటోంది. మాట మార్చాను. ‘పక్క ప్లాట్‌ఫామ్ మీదికి వస్తుంది’ అన్నాను. చాలా సాఫీగా వచ్చింది.

నాలుగుకి పక్కన మూడూ ఉంది, అయిదూ ఉంది. సగం మంది వంతెనెక్కి అయిదుకి పరుగెత్తారు. తప్పు తెలుసుకుని వెనక్కి వచ్చేసరికి బండి కదిలిపోయింది. ముప్పై ఏడు మందికి బండి తప్పింది. అందులో ఒకమ్మాయి ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళుతోంది. తర్వాత వచ్చి నా కిటికీ ముందు నిలబడింది. తిట్టలేదు. “మూడు అనొచ్చుగా సార్” అంది.

విచారణలో నన్ను కారణం అడిగారు. రెండే దారులు. నత్తి అని చెప్పడం, లేదా వాళ్లు రాసిన ‘అశ్రద్ధ’ కింద సంతకం పెట్టడం. సంతకం పెట్టాను. నా ఫైల్లో ఇప్పటికీ అదే ఉంది. జీవితంలో ఒక్కరోజు కూడా నేను అశ్రద్ధగా పనిచేయలేదు, అమ్ములూ. కానీ అశ్రద్ధ అన్న ముద్ర మోయడం నాకు తేలికైంది, నత్తి అన్నదానికంటే.

అందుకే గడి సంగతి మీ అమ్మ చెప్పినట్టు చెయ్యమన్నాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఏం చెయ్యాలో చెప్పే అర్హత నాకు లేదు. ఒక గడి ఖాళీగా వదిలితే దాన్ని ఇంకెవరో నింపుతారని మాత్రం చెప్పగలను. నాది నింపారు.

మామయ్య


డిపో, రిపేరు షెడ్డు
ఆగస్టు 22

మామయ్యకి,

నీ ఉత్తరం అందిన రోజు అమ్మకి చదివి వినిపించాను. నాకు తెగినచోటల్లా ఆగుతూ. అమ్మ ఒక్క మాటా అందించలేదు.

గడి నింపాను. లీకు దొరికినచోట మేము రోడ్డు మీద తెల్ల రంగుతో గుండ్రం గీస్తాం. పైపు ఎప్పటిదో, ఎంత మంచిదో ఆ గుండ్రం చెప్పదు. తవ్వేవాడికి ఎక్కడ తవ్వాలో చెబుతుంది. ఆ గడి కూడా అంతే, నాకెంత టైమివ్వాలో వాళ్లకి చెబుతుంది. దాన్ని చూసి నేనెవరో తెలిసిపోయిందనుకుంటే అది వాళ్ల పొరపాటు.

‘మీ గురించి’ అన్నచోట ఏజెంటు ‘నత్తిని జయించిన యువతి’ అని రాసిపెట్టాడు. కొట్టేశాను. నేనేం జయించలేదు, ఇంకా ఉంది. బడి వెనక సందులో ఆరు నెలలు ఎవరికీ దొరకని లీకు గురించి రాశాను. ఏజెంటు “ఇందులో నువ్వెక్కడున్నావమ్మా?” అన్నాడు. “క-కర్ర పట్టుకుని ఉన్నాను, చూడండి” అన్నాను.

ఇక మొన్నటి ఇంటర్వ్యూ. తెర మీద ముగ్గురు. మధ్యలో పెద్దావిడ. పేరడిగారు. నా పేరు, అసలు పేరు, చెప్పడానికి పదహారు సెకన్లు పట్టింది. తర్వాత రికార్డు చూసి లెక్కపెట్టాను. ఆ పదహారు సెకన్లూ పెద్దావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మిగతా ఇద్దరూ కదలకుండా చూస్తున్నారు. ఎవరూ నాకు సాయం రాలేదు, నవ్వలేదు. అమ్మ పక్కగది గుమ్మంలో కూర్చుంది. నా పేరు అమ్మ పెదాల మీదికి వచ్చేసింది. గబుక్కున రెండు చేతులతో నోరు మూసుకుంది.

పైపు అన్న మాట ఇరవై మూడుసార్లు అన్నాను. పద్నాలుగుసార్లు తెగింది. దగ్గలేదు. వాల్వు హోరుకీ లీకు హోరుకీ తేడా ఎలా కనిపెడతావని అడిగారు. కొంత చెప్పి, చాలక, రెండు చప్పుళ్లూ నోటితో చేసి చూపించాను. చప్పుళ్లకి నత్తి ఉండదు. పెద్దావిడ మళ్లీ చెయ్యమంది. తనూ చేసి, “ఇలాగేనా?” అంది. “కాదు, అది కు-కుళాయి” అన్నాను. ముగ్గురూ నవ్వారు, నేనూ నవ్వాను. ఫలితం వచ్చే నెలాఖరుకి.

నీ గురించి ఒక మాట. ఆ ముప్పై ఏడు మంది సంగతి నేను కొట్టివేయలేను. ఆ అమ్మాయికి బండి తప్పింది. అది అలాగే ఉంటుంది. కానీ నువ్వు రోజుకి ఎన్ని అనౌన్స్‌మెంట్లు చేస్తావని ఒకసారి అడిగితే నూట నలభై అన్నావు. రోజుకి నూట నలభైసార్లు, ఇరవై రెండేళ్లు, ఈసారి తెగుతుందేమో అనుకుంటూనే ఆ స్విచ్చి నొక్కావు. ఎనిమిదేళ్లప్పుడు నీ గొంతు విని మెచ్చుకున్నాను. గొంతు ఉన్నవాడు మాట్లాడితే అందులో గొప్పేముంది? ఇప్పుడు నేను మెచ్చుకునేది ఆ స్విచ్చి నొక్కే వేలిని.

ఒక్కటే అడుగుతాను. సీటు వస్తే ఉత్తరం రాయను. ఫోన్ చేస్తాను. ఎత్తు.

నీ మేనకోడలు


స్టేషన్, అనౌన్స్‌మెంట్ గది
అక్టోబరు 3

అమ్ములూ,

మొన్న నీ ఫోన్ పదకొండు నిమిషాలు నడిచింది. అందులో మాటలు నాలుగు నిమిషాలకి మించవు. “వ-వ-వచ్చింది” అని నువ్వు, “ఏ-ఏంటి” అని నేను. పక్కన ఉన్న సిగ్నల్ అతను లైను బాగాలేదనుకుని ఇంకో ఫోను తెచ్చిచ్చాడు. బాగానే ఉందని చెప్పాను. నీ అసలు పేరు అన్నాను, విన్నావుగా. తొమ్మిది సెకన్లు. నువ్వు పుట్టిన ఇరవై ఆరేళ్లకి.

ఆరుగురిలో ఒకత్తివి. ఈ స్టేషన్లో కనీసం నలభై మందికి చెప్పాను. వాళ్లంతా నేనింత మాటకారినని తెలియదంటున్నారు.

నిన్న సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లి నా పాత ఫైల్లో చేర్చమని ఒక కాగితం ఇచ్చాను. కుర్రాడు, మంచివాడు. “పంతొమ్మిదేళ్ల కిందటిది ఇప్పుడెందుకండీ” అన్నాడు. “అందులో కారణం తప్పు. రాయనిచ్చింది నేనే” అన్నాను. చదివి, కుర్చీలోంచి లేచాడు. ఎందుకు లేచాడో అతనికీ తెలిసినట్టు లేదు. మళ్లీ కూర్చున్నాడు. ఆఖరి నిమిషం మార్పులు ఇకనుంచి ముందు రికార్డు చేసిన గొంతుతో చెప్పించే ఏర్పాటు ఉందన్నాడు. ఆ గొంతు నాదే కావాలట, తీరిగ్గా, ఎన్నిసార్లయినా చేసుకోవచ్చట. అప్పుడే మైకు ముందు కూర్చుని ఒకటి నుంచి ఆరు దాకా అంకెలన్నీ రికార్డు చేశాను. మూడు పదకొండోసారికి వచ్చింది.

అక్కడినుంచి క్యాంటీన్‌కి వెళ్లాను. అతను నన్ను చూస్తూనే గ్లాసులోకి టీ వంచబోయాడు. చెయ్యి అడ్డం పెట్టాను. “క” అన్నాను. అక్కడే ఆగింది. దగ్గలేదు. దారి మార్చలేదు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. ఒకాయన టైము చూసుకున్నాడు. కొత్త గడియారం, సరైన టైమే చూపిస్తుంది కాబట్టి చెబుతున్నాను, అర నిమిషం దాటింది. “కాఫీ” అన్నాను.

“టీ సారు కదా మీరు?” అన్నాడు.

“కాదు.”

కాఫీ ఇచ్చాడు. ఇరవై రెండేళ్లు ఎదురుచూసిన కాఫీ. నీళ్లలా ఉంది, అడుగంటిన వాసన కూడా. టీయే నయం.

తాగేసి, గ్లాసు ముందుకు జరిపి, ఇంకోటి అడిగాను.

మామయ్య